వేణ్ణీళ్ళ తొట్టి - మోకాళ్ళ నొప్పి - మూడో తీగ

నెల్లూరు జిల్లా నుంచి ఒక పెద్దమనిషి ఇలా రాశారు:

"డాక్టరుగారికి నమస్కారాలు. నా వయస్సు 67. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాను. నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. కొత్తగా కట్టిన ఇంట్లో నా కోసమని వేణ్ణీళ్ళ టబ్బు ఒకటి కొన్నాడు. లోపల మోటారు ఉండి నీళ్ళు సుడులు తిరుగుతాయట. టబ్బు వచ్చి మేడ మీద కూర్చుంది. అమ్మినవాళ్ళు కరెంటు పని మాది కాదన్నారు. మేస్త్రీ దగ్గరుండే కుర్రాడు వెయ్యి రూపాయలిస్తే గీజరు ప్లగ్గులోంచే లైను లాగుతానంటున్నాడు. ఈ టబ్బు నా మోకాళ్ళకి మంచిదేనా, రోజూ ఎంతసేపు కూర్చోవచ్చు, దయచేసి తెలుపగలరు."

మాస్టారూ, మీరడిగింది మోకాళ్ళ గురించి. నా చూపు మాత్రం ఆ వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోయింది. మోకాళ్ళ సంగతి చివర్న చెబుతాను. అవి నాలుగేళ్ళు ఆగాయి, ఇంకో పది నిమిషాలు ఆగుతాయి.

అసలు ఈ టబ్బు పుట్టిందే వైద్యం కోసం. ఇటలీ నుంచి వలసపోయి కాలిఫోర్నియాలో పంపులు తయారుచేసుకుని బతికిన జకూజీ అనే అన్నదమ్ముల్లో ఒకాయన కొడుక్కి పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆస్పత్రిలో నీటిచికిత్స ఇస్తే పిల్లవాడికి హాయిగా ఉండేది. ఇంట్లో కూడా ఇవ్వచ్చు కదా అని ఆ తండ్రి స్నానాల తొట్టిలో దించే పంపు ఒకటి తయారుచేశాడు. 1956లో అది బజారులోకి వచ్చింది. పంపు, తొట్టి కలిసే ఉన్న టబ్బు 1968లో వచ్చింది. అంచేత మీ అబ్బాయి ఆలోచనను నేను తప్పు పట్టను. అయితే నీళ్ళు, కరెంటు, తడి ఒంటితో మనిషి, ఈ మూడూ ఒక్కచోట చేరే వస్తువు ఇంట్లో ఇంతకంటే వేరే లేదు.

ఇక్కడ నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా ఆవిడ పొద్దున్నే స్నానం చేసి వచ్చి, "వేళ్ళు చిమచిమలాడుతున్నాయండీ" అంది. నాలుగు రోజులు వరసగా అదే మాట. నేను డాక్టర్ని కదా! నలభై దాటిన మనిషి, వేళ్ళల్లో తిమ్మిరి, విటమిన్ లోపమై ఉంటుందని బి కాంప్లెక్సు రాసిచ్చాను. తగ్గలేదు. రక్తపరీక్ష చేయించాను. బి12 ఉండవలసినంతా ఉంది. షుగరు లేదు. మెడ నరం నొక్కుకుపోయిందేమోనని ఎక్స్‌రే కూడా తీయించాను. ఇదంతా జరుగుతుండగా ఒకరోజు బాత్‌రూము కడగడానికి వెళ్ళిన పనిమనిషి బయటికి వచ్చి, "అమ్మా, ఆ కుళాయి పట్టుకుంటే కొడతా ఉంది" అంది. నెల రోజుల్లో నేను చేయలేని రోగనిర్ణయం ఆవిడ ఒక్క మాటలో చేసింది.

ఎలక్ట్రీషియన్ని పిలిచాం. మనిషి మితభాషి. గీజరు సాకెట్టు విప్పి నన్ను పిలిచి చూపించాడు. గోడలోంచి మూడు తీగలు వచ్చాయి. రెండు బిగించి ఉన్నాయి. మూడోది, ఆకుపచ్చది, కొసకి టేపు చుట్టి లోపలికి మడిచిపెట్టి ఉంది. దాని రెండో కొస మీటరు బోర్డులో గాలిలో వేలాడుతోంది. మేం ఆ ఇంట్లోకి వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. పదకొండేళ్ళూ ఎర్తు లేకుండానే స్నానాలు చేశాం. గీజరు లోపలి కాయిలుకుండే లోహపు తొడుగు ఉప్పునీళ్ళకి తినేసి సన్నటి చిల్లి పడేసరికి కరెంటు నీళ్ళలోకి దిగడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆ మూడో తీగ లేని లోటు మాకెవరికీ తెలియలేదు. ఆ లోటు తెలియవలసిన రోజు దాకా తెలియదు కూడా.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. మనిషి చర్మం పొడిగా ఉన్నప్పుడు కరెంటుకి బాగా అడ్డుపడుతుంది. ఆ అడ్డు వేల ఓముల్లో ఉంటుంది. అదే చర్మం తడిసి నానితే అడ్డు సుమారు వెయ్యి ఓములకు పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే ఆంపియరులో నాలుగో వంతుకి కాస్త తక్కువ, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఇంతేనా అనిపిస్తుంది. ఒంటికి ఇది ఎంతో ఎక్కువ. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చిమచిమ తెలుస్తుంది. పది, పదిహేను దగ్గర చేతి కండరాలు బిగుసుకుపోతాయి. వేళ్ళు ముడిచే కండరాలు చాచే కండరాల కంటే బలమైనవి కాబట్టి గుప్పిట మూసుకుపోతుంది. పట్టుకున్న కుళాయిని వదలాలన్నా వదలలేరు. 'కరెంటు పట్టేసుకుంది' అని మనవాళ్ళంటారే, అది ఇదే. కరెంటు మనిషిని పట్టుకోలేదు, మనిషి చెయ్యే కరెంటుని పట్టుకుంది. ఇంకా పెరిగితే ఛాతీ కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడదు. యాభై, వంద మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పుతుంది. అప్పుడు గుండె కండరం గిలగిల కొట్టుకుంటుందే తప్ప రక్తాన్ని తోయలేదు. మూడు నాలుగు నిమిషాలు అలాగే ఉంటే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

మనిషి వదలగలిగే హద్దు ఎంతో లెక్కకట్టినవాడు చార్లెస్ డాల్జియెల్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు. జకూజీలు పంపుల వ్యాపారం చేసిన బర్క్‌లీ ఊళ్ళోనే, అక్కడి విశ్వవిద్యాలయంలో, ఇష్టపడి వచ్చినవాళ్ళ చేతికి తీగ ఇచ్చి కొలిచాడు. మగవారికి సగటున 16, ఆడవారికి పదిన్నర మిల్లీ ఆంపియర్లు అని తేల్చాడు. కరెంటు కొంచెం దారి తప్పితే చాలు, క్షణంలో లైను తెంపేసే పరికరాన్ని 1961లో తయారుచేసింది కూడా ఆయనే. అమెరికాలో కొత్త ఇళ్ళ బాత్‌రూము ప్లగ్గులకు అలాంటి రక్షణ ఉండాలని 1975లో నిబంధన పెట్టారు. మాస్టారూ, మీ అబ్బాయి అక్కడ నిశ్చింతగా స్నానం చేస్తున్నాడంటే దాని పుణ్యమే.

"మా ఇంట్లో ఫ్యూజు ఉందండీ, ఎమ్.సి.బి. ఉందండీ" అని చాలామంది ధీమాగా చెబుతారు. ఉండనివ్వండి. అవి తీగల్ని కాపాడడానికి పెట్టినవి. 16 ఆంపియర్ల ఎమ్.సి.బి. పడిపోవాలంటే పదహారుకి మించి కరెంటు లాగాలి. మనిషి ప్రాణం పోవడానికి కావలసింది ఆంపియరులో పదో వంతు. అంటే మనిషి చనిపోతున్నా ఎమ్.సి.బి. అలా చూస్తూ నిలబడే ఉంటుంది. ఆ చిన్న లీకుని కనిపెట్టేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది అనుక్షణం సరిచూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడో వంతు గడవకముందే లైను తెంపుతుంది. డబ్బా మీద '30 మిల్లీ ఆంపియర్లు' అని ఉన్నది తీసుకోండి. 100, 300 అని ఉన్నవి నిప్పు అంటుకోకుండా ఉండడానికి పనికొస్తాయి గాని మనిషికి చాలవు. అలాగని ఆర్.సి.సి.బి. ఉంది కదా ఎర్తు ఎందుకని అనకండి. ఎర్తు ఉంటే లీకైన కరెంటు నేలలోకి పోయి, మీరు కుళాయి ముట్టుకోకముందే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. ఎర్తు లేకపోతే మీరు ముట్టుకున్నాక పడుతుంది. ఆ తేడా తడి ఒంటికి తెలుస్తుంది.

ఇక మీ మేస్త్రీ కుర్రాడు. అతనంటే నాకేమీ కోపం లేదు. అయితే ఇళ్ళ వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరు చేత, తగిన సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో జరగాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే చెప్పారు. బల్బు మార్చడం, ఫ్యాను మార్చడం లాంటి వాటికి మినహాయింపు. టబ్బు వాటిలోకి రాదు. వచ్చే మనిషిని పర్మిటు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. మీకు సూది వేసేవాడికి చదువుందో లేదో కనుక్కుంటారు కదా.

అతను వచ్చాక ఏం అడగాలంటే, ముందుగా, గీజరు ప్లగ్గులోంచి లైను లాగనని అనిపించండి. రెండు కిలోవాట్ల హీటరు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మూడు కిలోవాట్లయితే పదమూడు. టబ్బుకి హీటరే కాక పంపు మోటారు కూడా ఉంటుంది. గీజరూ టబ్బూ ఒకే తీగ మీద నడిస్తే ఆ తీగ గోడలో కాగిపోతుంది. అంచేత మెయిన్ బోర్డు నుంచి టబ్బుకి విడిగా లైను, దానికి విడిగా ఎమ్.సి.బి., ఆర్.సి.సి.బి. ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న రాగి తీగ, ఇంత లోడుకి 4 చదరపు మిల్లీమీటర్లది వాడడం మేలు. ఎంత మందం కావాలో టబ్బు మీద రాసి ఉన్న లోడు చూసి అతనే చెప్పాలి. చూడకుండా చెబితే ఇంకొకర్ని పిలవండి. స్విచ్చి టబ్బులో కూర్చున్నవాడి చేతికి అందేచోట ఉండకూడదు, తలుపు బయట ఉండాలి. అది కూడా ఫేజు, న్యూట్రలు రెంటినీ ఒకేసారి తెంపే డి.పి. స్విచ్చి అయి ఉండాలి. మామూలు స్విచ్చి ఫేజునొక్కదాన్నే తెంపుతుంది. ఎవరైనా తీగలు తారుమారుగా బిగించి ఉంటే స్విచ్చి ఆపాక కూడా హీటరులో కరెంటు ఉంటుంది. ఇలాంటి తారుమార్లు మన ఇళ్ళల్లో ఎన్నో!

అన్నిటికంటే ముఖ్యం ఎర్తు. కొత్త ఇల్లన్నారు కాబట్టి పెరట్లో ఎర్తు గొయ్యి ఎక్కడుందో మేస్త్రీని అడిగి తెలుసుకోండి. రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టం నేలలో దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడ్చడం మామూలు పద్ధతి. "ఎర్తా, కుళాయి గొట్టానికి కట్టేశాంలెండి" అంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి గొట్టాలు ప్లాస్టిక్‌వి, వాటిలోంచి కరెంటు నేలకి దిగదు. "న్యూట్రలుకే కలిపేశాం" అంటే అసలే వద్దు. న్యూట్రలు ఎక్కడైనా తెగిన రోజున టబ్బు ఒళ్ళంతా కరెంటవుతుంది. వేసవిలో గొయ్యి ఎండిపోతే ఎర్తు బలహీనపడుతుంది, అప్పుడప్పుడు ఒక బిందెడు నీళ్ళు పోయించండి. టెస్టరు స్క్రూడ్రైవరు పెట్టి చూసి "అంతా బాగుంది సార్" అంటే పని అయిపోయినట్టు కాదు. ఆ టెస్టరుకి ఫేజు తెలుస్తుందే గాని ఎర్తు ఉందో లేదో తెలియదు. ఎర్తు కొలిచే మీటరు వేరే ఉంది, దానితో కొలిచి చూపించమనండి. టబ్బు మోటారు ఒళ్ళూ, దగ్గర్లోని ఇనుప చట్రం, లోహపు గొట్టాలూ అన్నీ ఆకుపచ్చ తీగతో ఒకదానికొకటి కలిపి ఎర్తులో కట్టించండి. ఇవన్నీ చేస్తే వెయ్యి రూపాయల్లో తేలదు. తేలదని ఇప్పుడే అనుకోండి.

ఆ తర్వాత మీ పని ఒకటుంది. ఆర్.సి.సి.బి. మీద 'టి' అని చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజు టబ్బు బంద్. మా ఇంట్లో ఈ మీట నొక్కే అధికారం మా ఆవిడది. నాకిచ్చిన బి కాంప్లెక్సు చాలు అంటుంది.

టబ్బు లేనివాళ్ళే ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎక్కువమంది. బక్కెట్లో హీటరు రాడ్డు పెట్టుకునే ఇళ్ళకు ఒక మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, భోగి నాడు తెల్లవారకముందే భార్యాభర్తలిద్దర్నీ జిల్లా ఆస్పత్రికి ఆటోలో తీసుకొచ్చారు. ఆమెకు ఇరవయ్యారేళ్ళు. పిల్లలకు తలంట్లు పోయడానికి బక్కెట్లో రాడ్డు పెట్టి, కాగాయో లేదో చూద్దామని స్విచ్చి ఆపకుండా నీళ్ళల్లో వేలు ముంచింది. అరుపు విని భర్త పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకు లాగబోయాడు. అతనూ పడ్డాడు. పక్కింటాయన మెయిను ఆపాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఎవరో చెప్పారని ఆమెను తడి ఇసుకలో పడుకోబెట్టి అరికాళ్ళు రాశారు. అరగంట రాశారు. ఛాతీ మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. భర్త బతికాడు. అరచేతిలో కాలిన గాయం మానడానికి రెండు నెలలు పట్టింది. ఆమె విషయంలో మేం చేయగలిగిందేమీ మిగల్లేదు. అప్పట్నుంచి నేను ఏ ఇంటికి వెళ్ళినా రాడ్డు కనిపిస్తే అడుగుతాను: స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఆ తర్వాతే కదా నీళ్ళు ముట్టుకుంటారు? కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇసుకలో పాతితే కరెంటు దిగిపోతుందన్నది వట్టి అపోహ. లైను ఆపిన క్షణంలోనే ఒంట్లో కరెంటు ఉండదు. మిగిలేది అది చేసిన హాని. కాబట్టి షాకు కొట్టిన మనిషిని చూస్తే ముందు మెయిను ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి చెక్క మీదో, ప్లాస్టిక్ పీట మీదో నిలబడి, పొడి కర్రతో తీగను తోసెయ్యండి. చేత్తో లాగవద్దు, కన్నబిడ్డయినా సరే. వీధిలో తెగిపడిన పెద్ద లైను దగ్గరకు మాత్రం కర్రతో కూడా వెళ్ళకూడదు. దూరంగా ఉండి కరెంటు ఆఫీసుకి కబురు చేయాలి. మనిషి విడిపడ్డాక పలకరించండి. పలక్కుండా, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాలు లోపలికి దిగేలా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోటితో ఊపిరి ఊదడం నేర్చుకున్నవారు 30 నొక్కుళ్ళకి రెండుసార్లు ఊదవచ్చు. రానివారు నొక్కడం మానకుండా ఉంటే చాలు. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడకండి, విరిగితే అతుక్కుంటుంది. షాకు తిన్నవారిది సాధారణంగా జబ్బుల్లేని గుండె. అందుకే ఎక్కువసేపు ప్రయత్నించినా ఫలితం ఉంటుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు.

లేచి కూర్చుని మాట్లాడుతున్నవారు కూడా స్పృహ తప్పి ఉంటే, గుండె దడ గాని ఛాతీలో నొప్పి గాని ఉంటే, కాలిన మచ్చ కనిపిస్తే ఆస్పత్రికి వచ్చి ఇ.సి.జి. తీయించుకోవాలి. పైన రూపాయంత మచ్చే ఉన్నా లోపల కండరం కాలి ఉండవచ్చు. మూత్రం కాఫీ డికాక్షను రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గర్భిణులు చిన్న షాకైనా చూపించుకోవాలి. కాలినచోట చల్లటి కుళాయినీళ్ళు ఇరవై నిమిషాలు పొయ్యండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. చిన్నగా జివ్వుమని వదిలేసి, ఏ బాధా లేక, ఇ.సి.జి. మామూలుగా ఉన్నవారు ఇంటికి పోవచ్చు. ఆ షాకు ఎందుకు కొట్టిందో కనుక్కోకుండా ఆ ప్లగ్గు మళ్ళీ వాడకూడదు, అంతే.

ఇప్పుడు మోకాళ్ళు. మాస్టారూ, వేణ్ణీళ్ళు అరిగిన కీలును బాగుచేయవు. చుట్టూ ఉన్న కండరాల బిగువు సడలించి కొన్ని గంటలు హాయినిస్తాయి. నీళ్ళల్లో ఒంటి బరువు తేలిపోతుంది కాబట్టి కూర్చునే కాళ్ళు చాచి ముడవడం సులువు. ఆ వ్యాయామం తొడ కండరానికి బలమిస్తుంది, మోకాలికి అసలు మేలు అదే. నీళ్ళ వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటనివ్వకండి. మీకు మొదట్లో 37, 38 చాలు. పది నిమిషాలతో మొదలుపెట్టి పదిహేను దాటవద్దు. షుగరున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, వేడి తెలియదు. అందుకని నీళ్ళు మీరు కాలు పెట్టి చూడకండి, ఇంట్లో ఇంకొకరిని మోచేయి ముంచి చూడమనండి. కాలికి పుండు గాని, పగుళ్ళు గాని ఉంటే అవి మానేదాకా దిగవద్దు. బి.పి. మాత్ర వేసుకుని వేణ్ణీళ్ళల్లో కూర్చుంటే రక్తనాళాలు విచ్చుకుని బి.పి. పడిపోతుంది. చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. తొట్టి అంచు మీద ఒక నిమిషం కూర్చుని అప్పుడు లేవండి. గోడకి పట్టుకోవడానికి కడ్డీ ఒకటి పెట్టించండి. ఒంటరిగా, తలుపు గడియ వేసుకుని దిగవద్దు. నీళ్ళు రోజుల తరబడి మార్చకుండా ఉంచితే ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, తొట్టిని కడిగించడం మరవకండి.

మీ ఉత్తరంలో రెండు మోకాళ్ళకీ ఎక్స్‌రే తీయించారో లేదో రాయలేదు. నిలబెట్టి తీయించిన ఎక్స్‌రే వివరాలు, బరువు ఎంతో, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు రాసి పంపండి. వాటితో పాటు ఎర్తు మీటరులో ఎంత వచ్చిందో కూడా రాయండి.